పింఛనుకొచ్చిన మనిషి

ప్ర: మావారు ఆర్మీలో ఇరవై నాలుగేళ్ళు చేసి సుబేదారుగా పింఛనుకొచ్చారు. ఎనిమిది నెలలైంది. తెల్లారగట్ల నాలుగున్నరకే లేచి ఇంటిల్లిపాదినీ లేపుతారు. వంటింట్లో డబ్బాలు వరసలో లేవని కోపం. కాసేపు కూర్చుంటే ఊపిరాడనట్టు వీధిలోకి వెళ్ళిపోతారు. కొడుకు ఆయనతో మాట్లాడటమే తగ్గించేశాడు. పోయిన సంచికలో మీరు ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ అని ఒక పాత ఇంగ్లిష్ సినిమా పేరు చెప్పి వదిలేశారు. అది ఆయనకి చూపించమంటారా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జ: చెల్లెమ్మా, ముందు మీరు చూడండి. ఆయనకి తర్వాత చూపిద్దురుగాని.

1946లో విలియం వైలర్ తీసిన సినిమా అది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ముగ్గురు ఒకే విమానంలో ఒకే ఊరికి తిరిగొస్తారు. బాంబర్ విమానంలో బాంబులు వేసే పని చేసి కెప్టెన్ హోదాలో వచ్చిన ఫ్రెడ్, సార్జెంటు ఆల్, నేవీలో రెండు చేతులూ పోగొట్టుకున్న హోమర్. యుద్ధం సీను ఒక్కటి కూడా లేదు. గొడవంతా ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

ఆల్ చెప్పాపెట్టకుండా ఇంటికొస్తాడు. తలుపు తీసిన పిల్లల్ని అరవొద్దని సైగ చేస్తాడు. లోపలి నుంచి భార్య ఎవరొచ్చారని అడుగుతూ అడుగుతూ మధ్యలో ఆగిపోతుంది. ఆ పొడుగాటి వసారాలో ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడుస్తారు. మా మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన డీవీడీలో మా ఆవిడా నేనూ చూశాం. తనకి ఇంగ్లిష్ రాదు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే తను అంది కదా, “వచ్చేముందు ఒక ఉత్తరం ముక్క రాయొద్దూ? ఇంట్లో కూరేముందో, ఆవిడ ఏ చీరలో ఉందో!” ఇరవయ్యేళ్ళు నా రాకపోకలు చూసిన మనిషి, ఆమాత్రం అంటుంది.

నేను ఆర్మీలో కబుర్లు అందించే సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా చేసి 1999లో వచ్చాను. సెలవు మీద వచ్చినన్నాళ్ళూ రోజూ కోడికూరే. పింఛనుకొచ్చాక రెండోవారానికి పప్పులోకి దిగాం. నల్ల ట్రంకు పెట్టె నాలుగు నెలలు హాల్లోనే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచక. గ్యాసు ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో తెలియదు. మావాడు ఎనిమిదో క్లాసని తెలుసుగాని ఏ సెక్షనో తెలియదు. ఇల్లు నేను లేకుండా నడవడం నేర్చుకుంది. నేర్చుకోకపోతే మునిగిపోయేది కదా! అది తెలిసి కూడా ఉక్రోషం వచ్చేది.

డబ్బాల సంగతంటారా, నేనూ సర్దాను. ఇన్‌స్పెక్షన్‌కి కిట్ పరిచినట్టు, పెద్దవి వెనక, చిన్నవి ముందు. మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. మర్నాటికల్లా మళ్ళీ తన వరసలో పెట్టేసుకుంది. అలా ఓ నెల నడిచింది మా ఇద్దరి మధ్య యుద్ధం.

సినిమాలో మొదటి రాత్రి ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో నిలవలేక ఆల్ భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని ఊళ్ళోకి బయల్దేరతాడు. తన ఇంట్లోవాళ్ళ జాలి చూపులు భరించలేక హోమర్ బయటపడతాడు. భార్య ఎక్కడుందో తెలియక ఫ్రెడ్ తిరుగుతుంటాడు. ఏళ్ళ తరబడి ఇల్లు ఇల్లని కలవరించిన ముగ్గురూ ఆ రాత్రి ఒకే బార్‌లో తేలతారు. మీవారు వీధిలోకి పోవడం మీ మీద కోపంతో అనుకోకండి.

కొడుకు సంగతి. ఆల్ తన కొడుక్కి జపాన్ కత్తి తెచ్చిస్తాడు. ఆ కుర్రాడు పెద్దగా మురిసిపోడు. హిరోషిమా జనం మీద రేడియేషన్ ప్రభావం ఏమైనా గమనించావా నాన్నా అని అడుగుతాడు, స్కూల్లో విన్నాడు మరి. తండ్రి దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఆ చిక్కు విడదీసింది మోర్స్ కోడ్, అక్షరాల్ని పొట్టి, పొడుగు దెబ్బలుగా కొట్టి కబురు పంపే పద్ధతి. ఒకరోజు అన్నం తింటూ కంచం మీద వేలితో మావాడి పేరు కొట్టాను. అదేంటని అడిగాడు. పది రోజుల్లో తల్లికి తెలియకుండా ఇద్దరం కంచాల మీద కబుర్లాడుకున్నాం, కూరలో ఉప్పెక్కువైందని. మీవాడిని ఆయన దగ్గర ఏదో ఒకటి నేర్చుకోమనండి. మందుపాతర్లు తప్ప ఏదైనా ఫరవాలేదు.

రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేవడం, మందు తాగడం ఎక్కువవడం ఉంటే మాత్రం సినిమాలతో సరిపెట్టకండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటుంది కదా, పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళి డాక్టరుకి విడమర్చి చెప్పండి. ఫ్రెడ్‌కీ ఆ పీడకలలు ఉన్నాయి.

ప్ర: హోమర్ పాత్ర వేసినతనికి నిజంగానే చేతులు లేవా, కెమెరా మాయా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జ: నిజంగానే లేవు బాబూ. హెరాల్డ్ రస్సెల్ నటుడు కాదు, ఆర్మీలో ట్రైనింగ్ ఇచ్చేవాడు. 1944 జూన్ 6న, అవతల ఫ్రాన్స్‌లోని నార్మండీలో మిత్రరాజ్యాల సైన్యాలు దిగినరోజే, ఇవతల అమెరికాలో శిక్షణ శిబిరంలో పేలుడుపదార్థం చేతుల్లోనే పేలింది. గాయపడ్డ సైనికుల గురించి ఆర్మీ తీసిన చిన్న సినిమాలో వైలర్ అతన్ని చూశాడు. నటన నేర్పిస్తామంటే వైలరే వద్దన్నాడు. ఆ దర్శకుడూ యుద్ధంలో విమానాలెక్కి సినిమాలు తీసి, ఒక చెవికి వినికిడి పోగొట్టుకుని వచ్చినవాడే.

పడుకునేముందు, చేతుల బదులు తగిలించుకునే కొక్కేలు విప్పేశాక తలుపు మూసుకుపోతే తీసుకోలేనని హోమర్ తను పెళ్ళాడాల్సిన పిల్లకి చూపిస్తాడు. చూసి పారిపొమ్మనే అతని ఉద్దేశం. ఆ పిల్ల చొక్కా గుండీలు పెట్టి దుప్పటి కప్పుతుంది. ఆ సీను దగ్గర నేనేమీ రాయలేను.

ఒకే పాత్రకి రెండు ఆస్కార్లు వచ్చింది రస్సెల్ ఒక్కడికే. అందులో ఒకదాన్ని 1992లో భార్య వైద్యం ఖర్చుల కోసమని అమ్ముకున్నాడు. చాలామంది తప్పుబట్టారు. నాకైతే తప్పు కనిపించలేదు.

ప్ర: నలుపు తెలుపు, దాదాపు మూడు గంటలు! ఈ రోజుల్లో ఎవరు చూస్తారండీ?
– విజయవాడ నుంచి ఒకరు

జ: మూడు గంటల సినిమా మనకేమన్నా కొత్తా మాస్టారూ? ఓపిక లేకపోతే ఒక్క సీను చూడండి. యుద్ధానికి ముందు మందుల షాపులో ఐస్‌క్రీం కలిపిన ఫ్రెడ్, కెప్టెన్ అయి వచ్చి, గతిలేక అదే షాపులో వారానికి ముప్ఫై రెండున్నర డాలర్లకి చేరతాడు. ఆ పనీ పోతుంది. ఊరొదిలి పోదామని బయల్దేరి, తుక్కుకి వేసిన బాంబర్ విమానాల మధ్య నడుస్తూ ఒకదాని ముక్కులోకెక్కి తన పాత సీట్లో కూర్చుంటాడు. ఇంజన్లే లేని విమానం, కానీ సంగీతంలో ఇంజన్లు ఒక్కొక్కటే స్టార్టవుతాయి. చెమటలు పడుతుంటే కింద నుంచి తుక్కు మేస్త్రీ దిగమని కేకేస్తాడు. ఆ తుక్కుతో ఇళ్ళు కడతాం అంటాడు. ఫ్రెడ్ అక్కడే పని అడుగుతాడు.

ప్ర: బ్యాంకు అప్పు సీను కూడా ఉందని విన్నాను. నిజమేనా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జ: ఉంది సార్, మీకు నచ్చుతుందో లేదో! అమెరికాలో 1944లో చట్టం చేసి మాజీ సైనికులకి చదువు, ఇల్లు, పొలం కోసం సాయం పెట్టారు. ఆల్ బ్యాంకులో అప్పులిచ్చే ఆఫీసరు. తాకట్టు పెట్టడానికి ఏమీలేని ఒక సైనికుడు పొలం కొనుక్కుంటానంటే, అతని చేతులు చూసి ఇచ్చేస్తాడు. పైవాళ్ళు మందలిస్తారు.

నేను కూడా రెండు గేదెల కోసం ఒక బ్యాంకుకి వెళ్ళాను. సెక్యూరిటీ ఏం చూపిస్తారని అడిగారు. నా డిశ్చార్జి బుక్కు తప్ప ఏమీ లేదన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, “మాజీ సైనికులా? మా గేటుకి సెక్యూరిటీ కావాలండీ, చేరతారా?” అన్నారు.

పదకొండేళ్ళు చేశాను. గేదెలు మాత్రం కొనలేదు.