పింఛను డబ్బు ఎక్కడ ఆగుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు నాలుగు వేల వృద్ధాప్య పింఛను వస్తోంది. కేంద్ర బడ్జెట్‌లో పింఛన్లకు నిధులు పెంచలేదని చదివాను. ఆవిడ పింఛను తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: తగ్గదు. ఆ నాలుగు వేలలో కేంద్రం వాటా చాలా చిన్నది. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం వృద్ధులకు నెలకు ఇచ్చేది రూ.200, ఎనభై నిండితే రూ.500. అదీ దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు, రాష్ట్రానికి ఇంతమంది అని ఢిల్లీ పెట్టిన సంఖ్య వరకే. ఆ సంఖ్యకు మించిన వాళ్లకు కేంద్రం నుంచి పైసా కూడా రాదు, మొత్తం రాష్ట్రమే పెట్టుకోవాలి. మీ అత్తగారు ఆ లెక్కలో ఉన్నా, ఎనభై లోపు వయసైతే రూ.3,800 రాష్ట్ర ఖజానా నుంచే వస్తున్నట్టు.

అలాగని కేంద్ర బడ్జెట్‌తో మనకేం పని అనుకోకండి. 2006లో కేంద్రం వృద్ధులకిచ్చే రూ.75ను రూ.200 చేశారు, 2025-26 బడ్జెట్ దాకా అది అక్కడే ఉంది. వితంతువులకు కేంద్రం ఇచ్చే రూ.300 కూడా 2012 నాటిదే. ఈ కార్యక్రమం మొత్తానికి 2022-23లో కేటాయించింది రూ.9,652 కోట్లు, 2025-26లోనూ సరిగ్గా అంతే. అంకె కదల్లేదు, ధరలు మాత్రం ఆగలేదు. దీన్ని కోత అనే అనాలి. ఆంధ్రలో రాష్ట్రం పెద్ద మొత్తం కలుపుతోంది కాబట్టి ఇంట్లో తెలియడం లేదు. బిహార్‌లో 2025 జూన్‌లో రూ.1,100కు పెంచేదాకా ఎనభై లోపు ముసలివాళ్ల చేతికి వచ్చింది నెలకు నాలుగు వందలే. నిరుపేద ముసలివాళ్ల పూట గడవడం వాళ్లు ఏ రాష్ట్రంలో పుట్టారన్న దాన్ని బట్టి ఉండటం అన్యాయం.

ప్రశ్న: మా అమ్మకు అరవై నిండాయి. చేయూత పింఛనుకు ఎప్పుడో దరఖాస్తు పెట్టాం. బడ్జెట్‌లో వేల కోట్లు ఉన్నాయంటారు, మరి మంజూరు ఎందుకు కాదు?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఆ వేల కోట్లు చాలావరకు ఇప్పటికే తీసుకుంటున్న వాళ్లవి. లెక్క వేసి చూడండి. చేయూత వృద్ధాప్య పింఛను నెలకు రూ.2,016 చొప్పున లక్ష మందికి ఏడాదికి దాదాపు రూ.242 కోట్లు కావాలి. ఉన్నవాళ్ల సంఖ్యను ఇలా గుణిస్తే వచ్చే మొత్తం, కేటాయింపు దగ్గర దగ్గరగా ఉన్నాయంటే కొత్తవాళ్లకు చోటు పెట్టలేదని అర్థం. కేటాయింపు తక్కువగా ఉంటే ఉన్నవాళ్లకే నెలలు ఆలస్యమవుతాయి.

ఏ పార్టీ ప్రభుత్వమైనా పింఛను మొత్తాన్ని తగ్గించడానికి జంకుతుంది. తగ్గిస్తే మర్నాడే ఊరంతా రోడ్డెక్కుతుంది. కొత్త మంజూరులు ఆపితే మాత్రం మీ అమ్మగారిలాంటి వాళ్లు ఒక్కొక్కరే ఎంపీడీవో ఆఫీసు చుట్టూ తిరుగుతారు, ఆ గోడు బయటికి వినపడదు. చనిపోయిన వాళ్ల పేర్లు తీసేస్తూ కొత్తవి చేర్చకపోతే ఖర్చు దానంతటదే తగ్గిపోతుంది.

మంత్రి ప్రసంగంలోని అంకె దగ్గర ఆగకండి. బడ్జెట్ పద్దుల్లో 2235, అంటే సామాజిక భద్రత, సంక్షేమం పద్దు తెరవండి. పింఛను సొమ్ము సాధారణ పద్దుతో పాటు ఎస్సీ (789), ఎస్టీ (796) ఉప పద్దుల్లో కూడా ఉంటుంది, అన్నీ కలిపితేనే అసలు మొత్తం. పక్కనే అంతకు ముందటి ఏడాది బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా ఉంటాయి. సవరించినది బాగా తక్కువగా ఉంటే, సభ ఆమోదించినా ఆర్థిక శాఖ డబ్బు విడుదల చేయలేదన్నమాట.

ఇక మీరు చేయాల్సింది: జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయంలో పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు రుసుము లేదు. "మా అమ్మకు ఎందుకు ఇవ్వలేదు?" అని రాయకండి, ఆ ప్రశ్నను తేలిగ్గా పక్కన పెట్టేస్తారు. మీ మండలంలో ఫలానా తేదీ నుంచి మంజూరైనవి ఎన్ని, మరణాల వల్ల తొలగించినవి ఎన్ని, పెండింగ్ ఎన్ని, మీ దరఖాస్తు ఏ దశలో ఉంది అని రికార్డులే అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లండి.

ప్రశ్న: కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందని సచివాలయంలో నాన్న పింఛను దరఖాస్తు తిరస్కరించారు. మా బిల్లు ఎనభై యూనిట్లు దాటదు.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: మీ ఆధార్‌కు వేరే మీటరు అంటుకుని ఉండొచ్చు. పాత అద్దె ఇంటిదో, వేరు కాపురం పెట్టిన అన్నయ్యదో అవుతుంది. ఆధార్‌కు లింకైన సర్వీసు నంబర్లన్నీ చూపించమని సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంటును అడగండి. మీది కానిదాన్ని తొలగించమని విద్యుత్ శాఖ ఏఈ ఆఫీసులో అర్జీ ఇచ్చి, తొలగించినట్టు కాగితం తీసుకోండి. దానికి మీ అసలు మీటరు ఏడాది బిల్లులు జతచేసి సచివాలయంలో మళ్లీ పెట్టండి. అక్కడ రసీదు ఇవ్వకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించండి.