రానంటే రానని రాసే ముందు

చిన్నీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు క్రికెట్ వదిలేస్తావని, మోకాలికి రెండోసారి ఆపరేషన్ అయినప్పుడే అనుకున్నాను. నాకు తెలియనిది మిగతా కథ. కొత్త సీజన్ ప్రారంభోత్సవంలో ట్రోఫీ పట్టుకుని మైదానంలో నడవమని మహిళల ప్రీమియర్ లీగు వాళ్లు అడిగితే రానన్నావట. అంతటితో ఆగక, ఇకమీదట ఏ వేడుకకూ రాను, ఎవరూ పిలవొద్దు అని రిటైర్మెంటు ప్రకటనలోనే రాసి ఊరంతా చాటబోతున్నావట. "ఆడాను, డబ్బిచ్చారు, లెక్క సరిపోయింది" అన్నావట.

మొదటి సగం విని పొంగిపోయాను. మా తరంలో ఎవరికీ కాదనడం చేతకాలేదు. పిలిస్తే చాలనుకుని సొంత డబ్బుతో బస్సెక్కి వెళ్లి, పూలదండ మెడలో పడేదాకా ఎండలో నిలబడి, అదే బస్సులో తిరిగొచ్చేవాళ్లం. రెండో సగం విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు కనుక రాస్తున్నాను.

లెక్క సరిపోయిందన్న మాటతో నాకు పేచీ లేదు. ఒప్పందంలో ఉన్న రోజులన్నీ ఆడావు. ఐసు కట్టుకుని కూడా ఆడావు. 2023 మార్చిలో మొదలైన లీగు అది. ఐదు జట్ల హక్కులే 4,669.99 కోట్లకు అమ్ముడుపోయాయి. డబ్బు ఉంది, దీపాలు ఉన్నాయి, లేనిదల్లా గతం. ఆ గతాన్ని మీలాంటివాళ్ల ముఖాల్లోంచి తెచ్చుకోవాలి. అది వాళ్లకు అవసరం, నీ మీద వాళ్లకున్న హక్కు కాదు. నీకు కృతజ్ఞత లేదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు. 2005 మహిళల ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళ్లిన మన జట్టుకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీ రాజ్ ఆ మధ్యే చెప్పింది. బాకీల చిట్టా విప్పితే ఎవరు ఎవరికి ఉన్నారో తేలుతుంది.

అయితే "ఎప్పటికీ" ఎందుకమ్మా? ఈసారికి రానని చెప్పు. మోకాలు బాగాలేదను, మనసు బాగాలేదను, అసలు కారణమే చెప్పకు. నలభై ఏళ్ల తర్వాత నువ్వు ఎలా ఉంటావో నీకే తెలియదు. ఆ మనిషి తరఫున ఇవాళే ఒట్టు పెట్టడానికి నువ్వెవరు?

మా కీపరక్క సంగతి నీకు సగమే తెలుసు. మీ ఇంట్లో ఆమెను వీరనారిలా చెప్పుకుంటారు. మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు.

ఆమె మా జట్టుకు కెప్టెన్. చాప పరిచిన మ్యాటింగ్ పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలియని రోజుల్లో, అరిగిపోయిన గ్లవ్స్‌తో స్టంపుల వెనక నిలబడేది. అన్‌రిజర్వుడు పెట్టెలో కిట్‌బ్యాగుల మీద మమ్మల్ని పడుకోబెట్టి తాను తలుపు దగ్గర కూర్చునేది. ఆట మానేసిన చాలాకాలానికి ఒక సంఘం వాళ్లు మాజీలకు సన్మానం పెట్టారు. వేదిక మీద మైకు పట్టుకున్న పెద్దమనిషి ఆమె పేరు తప్పు చదివి, "అప్పట్లో స్కోరరుగా సేవలందించిన" అని పరిచయం చేశాడు. ఆమె శాలువా మడతపెట్టి కుర్చీలో ఉంచి, దిగి వెళ్లిపోయింది. అంతవరకు నేనూ ఆమె పక్షమే. మర్నాడు మాత్రం ఉత్తరం రాసింది: ప్రాణం ఉండగా మీ గడప తొక్కను, మీ కాగితం ముట్టుకోను అని. దాని నకలు పత్రికకు పంపితే వాళ్లు అచ్చు వేశారు. మేమంతా చప్పట్లు కొట్టాం. నెలల తరబడి ఆ కటింగు పర్సులో పెట్టుకు తిరిగినవాళ్లు కూడా ఉన్నారు.

తరువాత ఆమెకు పిలుపులు ఆగిపోయాయి. కోరుకున్నదీ అదే కదా. ఏళ్లు గడిచాక, అదే సంఘం వాళ్లు పాత క్రీడాకారిణులకు ఏదో సాయం అందిస్తాం, ఆడిన మ్యాచుల వివరాలు పంపండి అని అడిగారు. వివరాలు ఎక్కడున్నాయి? 1973లో పుట్టిన మన మహిళా క్రికెట్ సంఘం 2006లో క్రికెట్ బోర్డు బీసీసీఐలో కలిసింది. ఆ మధ్యకాలపు స్కోరుబుక్కులు ఎవరి అటక మీద చెదలు పట్టాయో ఎవరికి తెలుసు? నా వరకు నేను రైల్వేలో పాత సెలవుల రిజిస్టరు వెతికించాను. మ్యాచుల కోసం పెట్టిన స్పెషల్ క్యాజువల్ లీవులు అందులో దొరికాయి. ఉద్యోగం లేని అమ్మాయిలకు అదీ లేదు. వాళ్లకు ఉన్న దారి ఒక్కటే: "ఈమె నా జట్టులో ఆడింది" అని కెప్టెన్ సంతకం చేయడం.

ఆ సంతకం కోసం నేనే కీపరక్క ఇంటికి వెళ్లాను. కాగితం చూసింది. పైన ఆ సంఘం కార్యదర్శిని ఉద్దేశించి రాసి ఉంది. పక్కకు నెట్టేసింది. "నాకు వాళ్ల డబ్బు వద్దు" అంది. "నీకు కాదక్కా, వీళ్లకు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. అచ్చులో వేసిన మాటను ఇప్పుడెలా మింగనని అడిగింది. మొండితనం కాదు చిన్నీ, సిగ్గు. ఒట్టు పెట్టినప్పుడు ఆమె ఒక్కతే ఉంది. దాని ఖరీదు ఆమె కింద ఆడిన అమ్మాయిలు కట్టారు. వాళ్లలో ఒకామె ఇప్పటికీ మిషన్ కుడుతుంది. అడిగితే "మా కెప్టెన్ గొప్ప మనిషండీ" అనే చెబుతుంది. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

నీకు ఈ భయం వర్తించదని అంటావు. నువ్వు వేసిన ప్రతి బంతీ కంప్యూటర్లో ఉంది, నిజమే. పెద్దమ్మ చెదల గురించి ఏడుస్తోందని నవ్వుకో. కానీ 1978 మహిళల ప్రపంచకప్‌ను తేల్చిన ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మ్యాచ్ మన లాల్‌బహదూర్ స్టేడియంలోనే జరిగిందని ఈ నగరంలో ఎవరినైనా అడిగి చూడు. మాయమైపోవడం ఎంత తేలికో చూసినదాన్ని, నన్ను అలా రాయనివ్వు.

కాదనాలంటే బిల్ రసెల్ కాదన్నట్టు కాదనాలి. అమెరికాలో ఉన్న మా అబ్బాయికి బాస్కెట్‌బాల్ పిచ్చి, వాడు చెప్పాడు. 13 సీజన్లలో బోస్టన్ జట్టుకు 11 టైటిళ్లు తెచ్చిన మనిషి. నల్లవాడని, ఆ ఊరి శివారులో ఆయన ఇంట్లో దూరి గోడల మీద బూతులు రాశారు. 1972లో ఆయన 6వ నంబరు జెర్సీని గౌరవంగా స్టేడియం కప్పుకు ఎక్కిస్తామంటే, జనాన్ని లోపలికి వదలకముందే, కొద్దిమంది పాత సహచరుల మధ్య ఎక్కించమన్నాడు. అలాగే చేశారు. 1975లో ఆ ఆటలో మహామహుల పట్టీ అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చితే వేడుకకు వెళ్లలేదు. మరి 1999లో? అదే జెర్సీని నిండు సభలో మళ్లీ ఎక్కించడానికి ఒప్పుకున్నాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరం 2019లో వేలికి పెట్టుకున్నాడు, అదీ తనకన్నా ముందు తరం నల్ల ఆటగాడు చక్ కూపర్‌కు అందులో చోటు దక్కాకే. చూశావా, ప్రతిసారీ ఆ వేడుకకు మాత్రమే జవాబు చెప్పాడు. ఎవరు పక్కన ఉండాలో, ఎవరికి ముందు దక్కాలో తానే నిర్ణయించుకున్నాడు.

2023 నవంబరులో అహ్మదాబాద్ ప్రపంచకప్ ఫైనల్ నాడు కపిల్ దేవ్ ఏమన్నాడో గుర్తుందా? పిలవలేదు కనుక వెళ్లలేదన్నాడు, 83 జట్టంతా అక్కడ ఉంటే బాగుండేదన్నాడు. తనొక్కడికి ముందు వరుస కుర్చీ అడగలేదు. పెద్ద ఆటగాళ్లందరూ చివరికి వచ్చేది ఈ మాట దగ్గరికే అనిపిస్తుంది నాకు.

నీకు వచ్చిన పిలుపును మర్యాదగా తిప్పి పంపవచ్చు, బేరం కూడా ఆడవచ్చు. బేరం అనగానే మొహం చిట్లించకు. 2025లో విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు కదా. అది ఎలా మొదలైంది? స్మృతి మంధానను మంత్రి లోకేశ్‌తో ఒక వేదిక మీద కూర్చోబెట్టారు. మహిళా క్రికెటర్ల పేర్లు స్టాండ్లకు ఎందుకు కనబడవని ఆమె అక్కడ అడిగింది. వేదికలంటే రోత అని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ మాట ఎవరి చెవిన పడేది? బెజవాడలో ఆటో నడుపుకునే తండ్రికి పుట్టిన కల్పన పేరు ఇవాళ గేటు మీద ఉంది.

కాబట్టి ప్రకటనలో ఆ "ఎప్పటికీ" తీసెయ్యి. లీగు వాళ్లకు విడిగా రాయి: ఈ ఏడాది రాలేను, ముందుముందు పిలిస్తే నాకు ముందు ఆడినవాళ్లలో కొందరిని కూడా పిలవండి, పేర్లు నేనిస్తాను అని. ఒప్పుకోకపోతే నీ రాకపోకలకు అర్థం ఏమిటో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. ఒప్పుకుంటే వెళ్లు. డబ్బు ఎంతో రాతలో తీసుకో. ఫొటోలు ఎన్నాళ్లు, ఏ ప్రకటనల్లో వాడతారో అడుగు. ఎంతసేపు నిలబడాలో ముందే చెప్పించుకో, కుర్చీ అడగడానికి సిగ్గుపడకు. హీల్స్ వేసుకోమంటే అక్కడికక్కడే తిరిగొచ్చెయ్యి, ఆ మోకాలు వాళ్ల సొత్తు కాదు.

బడి మైదానానికి రిబ్బను కత్తిరించమని జిల్లాల నుంచి పిలుస్తారు చూడు, వాటికి మాత్రం బేరం లేదు, వీలైనన్నింటికి వెళ్లు. అక్కడి పిల్లలు నిన్ను ముట్టుకుని చూస్తారు. కోప్పడకు.

2025 నవంబరు 2 రాత్రి నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. ప్రపంచకప్ గెలిచిన మన అమ్మాయిలు ఆ కప్పు తీసుకెళ్లి పాత ఆటగాళ్లు మిథాలీ, ఝులన్, అంజుమ్‌ల చేతుల్లో పెడుతుంటే, కళ్లు తుడుచుకుని "వీళ్లు రాకపోయి ఉంటే ఎలా ఉండేదో" అన్నది నువ్వే. నేను గుర్తుచేయడం లేదు, ఊరికే రాస్తున్నాను.

ప్రకటన చిత్తుప్రతి ఆదివారంలోగా నాకు పంపు. మీ నాన్నకు చూపించకు, ఆయన అందులో పద్యం ఇరికిస్తాడు. మా వైపు నుంచి పిలవాల్సినవాళ్ల పేర్ల పట్టీ నేను తయారుచేస్తాను. కీపరక్క పేరు పైన రాస్తాను. మిషన్ కుట్టే ఆమె పేరు రెండోది. ఫోన్ నంబర్లు కనుక్కోవడానికి ఎలాగూ నాకు కొన్ని రోజులు పడుతుంది.

మందులు వేళకు వేసుకో.

మీ పెద్దమ్మ