491 వచ్చింది, తీసుకోవాలా 190 కోసం ఆగాలా? ముందు మీ ఆవిడని అడగండి

మీ ప్రశ్న: ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి 491 అనే తాత్కాలిక వీసాకి ఇన్విటేషన్ వచ్చింది, రీజనల్ ఊళ్లోనే ఉండాలంటున్నారు, త్వరలో మీకు 33 నిండుతాయి, భార్య జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేస్తోంది, తీసుకోవాలా, నేరుగా పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే 190 వీసా కోసం ఆగాలా అని.

తీసుకోండి. ఈ వీసాలు పాయింట్ల లెక్కన ఇస్తారు, ఆగితే 33 నిండగానే వయసు పాయింట్లు 30 నుంచి 25కి పడిపోతాయి. రాష్ట్రం నామినేట్ చేస్తే 491కి 15 వస్తాయి, 190కి వచ్చేది 5. ఇన్విటేషన్ వచ్చాక అప్లై చేయడానికి ఇచ్చేది 60 రోజులు, అందులో సగం మనవాళ్లు వాట్సాప్‌లో సలహాలు అడగడంతోనే గడిపేస్తారు. 190 అయితే వెంటనే పీఆర్ కదా అంటారు. నిజమే. కానీ సిటిజన్‌షిప్‌కి నాలుగేళ్లు ఇక్కడ ఉండాలి, అందులో చివరి ఏడాది పీఆర్ మీద ఉండాలి. 491 మీద ఉన్న ఏళ్లు కూడా ఆ నాలుగేళ్లలో లెక్కకొస్తాయి. మధ్యలో 191, అంటే 491 తర్వాత పీఆర్ ఇచ్చే వీసా, ఆ ఫైలు కదిలే టైమ్ ఒక్కటే అదనం. ఇంకొకటి, రీజనల్ అనగానే పల్లెటూరు అని భయపడకండి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతాదంతా రీజనలే. పెర్త్, అడిలైడ్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

అక్కడితో మీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. అయితే మీ ప్రశ్నలో మీ ఆవిడ గురించి ఉన్నది ఒక్క వాక్యమే, అది కూడా చివర్లో. ఎవరి పోస్టు చూసినా ఇదే వరస.

మేం 491 మీదే 2022 నుంచి ఇదే రాష్ట్రంలోని వాగా వాగా అనే ఊళ్లో ఉంటున్నాం. మావారు సివిల్ ఇంజనీరు, ఆయన మెయిన్ అప్లికెంట్. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాసేదాన్ని. పాయింట్ల పట్టికలో నా వంతు 5, అదీ ఇంగ్లీషు పరీక్ష రాసినందుకు. "మేడమ్‌కి అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలెండి" అన్నాడు మా కన్సల్టెన్సీ ఆయన. ఫీజు మాత్రం ఇద్దరి పేరు మీదా తీసుకున్నాడు.

ఇక్కడికొచ్చాక తెలిసింది, చిన్న ఊళ్లో ఇంటర్వ్యూకి వెళ్తే మొదట అడిగేది అనుభవం గురించి కాదు, "మూడేళ్లయ్యాక మెల్‌బోర్న్ వెళ్లిపోతారా?" అని. వాళ్ల బాధ వాళ్లది. పని నేర్పిన మనిషి పీఆర్ రాగానే సర్దుకుని పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పశువుల్ని లారీల్లో తోలే ఒక కంపెనీ అకౌంట్స్‌కి మనిషి కావాలని ప్రకటన ఇస్తే వెళ్లాను. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో పెద్దాయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు, దాని అంచు నిండా ఎర్ర దుమ్ము. "ఇంతకుముందు ఏ సరుకు లెక్కలు చూశావు?" అన్నాడు. మిరపకాయలన్నాను. పక్కనున్న కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. నేను ఆగలేదు. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డులో ఎలా దిగుతాయో, తేమ ఎక్కువుంటే ధర ఎలా తెగుతుందో, ఏజెంటు ముందే ఇచ్చిన అప్పు పట్టీలో ఎలా కోసుకుంటాడో, రేటు రాకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి ఎలా పోతుందో చెప్పుకుంటూ పోయాను. పెద్దాయన ముందుకి వంగాడు. ఇక్కడి యార్డులో పశువుల్ని బతికున్న బరువు మీద కిలోల్లెక్కన అమ్ముతారు, గొర్రెల్ని తలకింత అని. ఏజెంటు కమీషన్ అమ్మినవాడి డబ్బులోంచే పోతుంది. మనిషి మారాడు, సరుకు మారింది, పద్ధతి అదే.

"లారీ ఎక్కించినప్పుడు ఒక లెక్క, దించినప్పుడు ఒక లెక్క వస్తే?" అని అడిగాడు. "మా దగ్గర కాటా చీటీ, లారీ చీటీ పక్కపక్కన పెడతాం. తేడా తేలేదాకా డబ్బు కదలదు, ఎవరెంత అరిచినా" అన్నాను.

ఆ తర్వాత వచ్చింది ఆ పాత ప్రశ్న. అడిగింది మూడో ఆవిడ. "మా వీసాయే రీజనల్‌లో ఉండమంటోంది. పీఆర్‌కి మూడేళ్ల టాక్స్ కాగితాలు చూపించాలి. మీ ఊరి పిల్లలకి ఆ కట్టడి లేదుగా" అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వి, తన కొడుకు మెల్‌బోర్న్‌లోనే ఉన్నాడని చెప్పింది. ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు దాటాయి, 191కి పెట్టుకున్నాం, నేను ఆ కంపెనీ వదల్లేదు.

491 తీసుకుని ఏడాదికే ఊరు మార్చిన కుటుంబాలు నాకు తెలుసు. ఒక్కదాంట్లో కూడా భర్త ఉద్యోగం కారణం కాదు. భార్యకి రోజంతా తోచదు, బస్సు గంటకోసారి, దుకాణాలు అయిదున్నరకి కట్టేస్తారు. మన లైసెన్సు ఇక్కడ నేరుగా మారదు, ఈ రాష్ట్రంలో పరీక్ష రాసి, బండి నడిపి చూపించాలి. మగవాళ్లు మాత్రం శనివారం వస్తే సిడ్నీకి నాలుగొందల యాభై కిలోమీటర్లు కొట్టుకుని పోయి బిర్యానీ తిని, "రీజనల్ లైఫ్ సూపర్" అని పోస్టు పెడతారు. ఒళ్లు మండుతుంది.

ఇక మీ ఆవిడ సంగతి. క్వాలిటీ కంట్రోల్ అంటే ల్యాబ్ పని వచ్చిన మనిషి. ఈ చుట్టుపక్కల ఊళ్లు నడిచేదే తిండి సరుకు మీద. గ్రిఫిత్‌లో వైన్ కంపెనీలు, మా ఊళ్లో వైన్ సైన్స్ చెప్పే చార్ల్స్ స్టర్ట్ యూనివర్సిటీ, ఎటు చూసినా ధాన్యం, మాంసం, వాటికి పరీక్షలు. మందుల కంపెనీ కోసం వెతికితే ఏమీ కనపడదు, హెచ్‌పీఎల్‌సీ (ల్యాబ్‌లో సరుకుని పరీక్షించే ఒక పద్ధతి) వచ్చినవాళ్లు కావాలి అని వెతికితే కనపడతాయి. ఆ 60 రోజుల్లోనే ఉద్యోగాల సైట్ సీక్‌లో గ్రిఫిత్, వాగా, ఆరెంజ్ అని కొట్టి ఆమె చేతే చూడమనండి, మీరు చూసి చెప్పకండి.

కారు రాకపోతే హైదరాబాద్‌లోనే నేర్పించండి. డ్రైవింగ్ స్కూల్లో చేర్పించి. మీరు పక్కన కూర్చుని నేర్పిస్తే రెండో రోజే గొడవై మానేస్తుంది.