రూమ్ హీటర్ చవకే, థర్మోస్టాట్ కింద పెట్టకపోతే

"ఇంట్లో చలికి రూమ్ హీటర్ చవకా, ఇల్లంతా వేడి చేసే సెంట్రల్ హీటింగ్ చవకా" అని అడిగారు. ఏ దేశంలోనో రాయలేదు. నేను హన్మకొండ మనిషిని. బిడ్డ కాన్పుకని 2023 డిసెంబర్‌లో న్యూజెర్సీ పోయి మూడున్నర నెలలు ఉండొచ్చాను, కాబట్టి రెండు తీర్ల చలీ చూశాను, రెండు తీర్ల బిల్లులూ చూశాను.

వాళ్ల ఇంట్లో బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ ఉంటుంది. అక్కడ వేడెక్కిన గాలి గొట్టాల్లోంచి అన్ని గదులకూ వస్తుంది. హాల్లో గోడకు చిన్న డబ్బా, దాన్ని థర్మోస్టాట్ అంటారు, అందులో 70 అని పెడితే ఇల్లు 70 ఫారెన్‌హీట్, అంటే మన 21 డిగ్రీలు. పెద్దవాళ్లకు బాగానే ఉంటుంది, కానీ పసిపిల్లకు నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోసేటప్పుడు ఆ 21 ఏ మూలకు? మన దగ్గరైతే పక్కన కుంపటి పెట్టుకుంటాం. అక్కడ కుంపటి మాట ఎత్తగానే బిడ్డ "అమ్మా, అలారం మోగుతుంది, ఫైరింజన్ వస్తుంది" అని నన్ను బెదిరించింది. చివరికి అల్లుడే 1500 వాట్ల చిన్న హీటర్ తెచ్చిచ్చాడు.

దాన్ని హాల్లో, ఎండ పడే కిటికీ పక్కన, గోడ దగ్గరికి పెట్టుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి వేస్తే పిల్ల స్నానం, పాలు, నిద్ర అన్నీ అయ్యేసరికి ఒంటిగంట. అప్పటిదాకా తిరుగుతూనే ఉండేది. మూడో రోజు బిడ్డ రెండు స్వెటర్లు వేసుకొని మెట్లు దిగి వచ్చి "పైన ఐస్ లెక్క ఉందమ్మా" అంది. పచ్చి బాలింత! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అల్లుడు ఫోన్ తీసి అందులో థర్మోస్టాట్ అంకె చూశాడు. "అత్తమ్మా, ఇందులో 76 చూపిస్తోంది, పైన చూస్తే గాలే రావట్లేదు, ఫర్నేస్ పాడైనట్టుంది" అని మెకానిక్‌ను పిలిపించాడు. ఆ వచ్చినాయన బేస్‌మెంట్‌లో పది నిమిషాలు ఉండి, పైకొచ్చి డబ్బా ముందు నిలబడి, మెల్లగా తల దించి నా హీటర్ వంక చూశాడు. ఏమీ అనకుండా బూటు కొసతో దాని స్విచ్ ఆపి, డబ్బాలో అంకె పెంచాడు. కింద ఫర్నేస్ గుర్రుమంది.

సంగతేంటంటే డబ్బా సరిగ్గా నా హీటర్ నెత్తి మీద ఉంది. దాని లెక్క ప్రకారం ఇల్లంతా వెచ్చగా ఉన్నట్టే, అందుకే ఫర్నేస్‌ను పడుకోబెట్టేసింది. ఆ బూటు కొసకు 140 డాలర్లు. మన లెక్కలో 11 వేలు దాటింది! అల్లుడు ఒక్క మాట కూడా అనలేదు, అంటేనే బాగుండేది.

ఆ 11 వేలు మర్చిపోలేక బిల్లులన్నీ ముందేసుకొని కూర్చున్నాను. కరెంటు యూనిట్ 18 సెంట్లు పడింది, గ్యాస్ థర్మ్ ఒకటింపావు డాలరు. థర్మ్ అంటే గ్యాస్ కొలత, దాదాపు 29 కరెంటు యూనిట్లంత వేడి, బయటికి పోయేది పోగా ఇంటికి 25 దక్కినా, అంత వేడి హీటర్‌తో తెచ్చుకోవాలంటే నాలుగున్నర డాలర్లు. గ్యాస్ ఉన్న ఇంట్లో హీటర్‌తో ఇల్లు వేడి చేయడం శుద్ధ దండగ. ఒక్క గదిలో ఒక్క మనిషి ఉండి, మిగతా ఇంటికి అంకె బాగా తగ్గిస్తేనే కలిసొస్తుంది, అదీ మరీ తగ్గిస్తే గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయట. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే 12 యూనిట్లు, నెలకు 65 డాలర్లు. అల్లుడు 70 నుంచి 66కు దించి చూస్తే గ్యాస్‌లో తగ్గింది ముప్ఫై డాలర్లు కూడా లేదు.

ఇక మన దగ్గర. సెంట్రల్ హీటింగ్ ఊసే వద్దు. ఆదిలాబాద్ వైపు 5, 6 డిగ్రీలకు పడిపోతుంది, ప్రతి చలికాలం పేపర్లో సిర్పూర్ (యు), గిన్నెదరి పేర్లు చూస్తూనే ఉంటాం, అయినా అది కొన్ని రోజుల ముచ్చట. మా హన్మకొండలో అట్లాంటి రోజులు ఇంకా తక్కువ. పైగా మన ఇళ్లు కట్టేవాళ్లు తలుపు కింద వేలు దూరేంత సందు వదులుతారు, వెంటిలేటర్లకు మూత పెట్టరు. లక్షలు పోసి ఫాల్స్ సీలింగ్ చేయించుకుంటాం కానీ ఆ సందు ఎవరికీ కనపడదు. పాత చీర చుట్టి సందులో పెట్టండి, ముందు ఆ పని చేసి తర్వాత హీటర్ గురించి అడగండి.

కొనాల్సిందే అంటే, చౌరస్తాలో దుకాణపాయన నాకు చెప్పినట్టు "ఆయిల్ హీటర్ కరెంటు తక్కువ తాగుతుంది" అంటే నమ్మకండి. రాడ్లదైనా, ఫ్యాన్‌దైనా, ఆయిల్‌దైనా యూనిట్ కరెంటుకు యూనిట్ వేడే. వేడి గాలి కూడా ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ ఒక్కటే వేరు, అది బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి తెస్తుంది కాబట్టి యూనిట్‌కు మూడింతల దాకా ఇస్తుంది.

అసలు దెబ్బ వేరే ఉంది. 2000 వాట్ల హీటర్ గంటకు 2 యూనిట్లు. రోజుకు ఆరు గంటలు, పదిహేను రోజులు వేస్తే 180. మామూలుగా 150 కాలే ఇల్లు 330కి పోతుంది. తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి ఆ నెల మొత్తం కట్టాల్సి వస్తుంది, అదీ మొదటి యూనిట్ నుంచే 5.10 చొప్పున, పైవి 7.70, 9 రూపాయలు. రెండు వేలు దాటుతుంది. మా వీధిలో ఒకావిడ ఇట్లాగే మీటర్ తప్పు తిరిగిందని లైన్‌మన్‌తో కొట్లాడింది, మంచం కింద హీటర్ సంగతి చెప్పకుండా.

చవకని కుంపటి పెట్టుకునేవాళ్లు తలుపులన్నీ మూసి మాత్రం పడుకోకండి. బొగ్గుల విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బిడ్డ అలారం అని బెదిరించింది అందుకేనని నాకు తర్వాత తెలిసింది.

వచ్చేటప్పుడు ఆ హీటర్ సూట్‌కేసులో పెట్టుకోబోయాను. "అత్తమ్మా, అది 120 వోల్టులది, మన 230లో పెడితే మాడిపోతుంది" అని అల్లుడు నవ్వాపుకుంటూ తీసేశాడు. ఆ జాగాలో రెండు బాదం ప్యాకెట్లు పట్టాయి.