వాజోన్యి గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

హంగరీ రాజకీయ నాయకుడు విల్మోష్ వాజోన్యి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తేదీల్లో తప్పు లేదమ్మా. మనిషే కనబడలేదు. 1868లో షుమెగ్‌లో పుట్టాడు, బుడాపెస్ట్‌లో వకీలయ్యాడు, 1901లో అదే నగరంలోని తెరేజ్‌వారోష్ పేట నుంచి పార్లమెంటుకు గెలిచాడు, 1917లో న్యాయశాఖ మంత్రి. పదవులు ఇలా వరసగా నడిచిపోతే చదివేవాళ్లకు పట్టు ఎక్కడ దొరుకుతుంది?

నాకైతే అతని బతుకంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినట్టుంది: దేశం లెక్కలో ఎవరుంటారు? యూదు మతానికి మిగతా మతాలతో సమాన హోదా కోసం కుర్ర వకీలుగా ఉద్యమించాడు. 1895లో ఆ చట్టం వచ్చింది. తర్వాత ఓటు. ఆనాటి హంగరీ జనాభాలో నూటికి ఆరుగురికే ఓటుండేది. దాన్ని పెంచడానికి ససేమిరా అన్న ప్రధాని ఇష్త్వాన్ తిసా 1917లో దిగిపోయాక, కొత్త ప్రధాని ఎస్తెర్‌హాజి ప్రభుత్వంలో వాజోన్యి మంత్రి అయ్యాడు. తన మతం వదలకుండా అక్కడ మంత్రి అయిన మొదటి యూదుడు. దీన్ని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగాలి. తన మతానికి చట్టంలో చోటు అడిగినవాడు, ఆ చట్టం వచ్చిన 22 ఏళ్లకు చట్టాల శాఖకే పెద్ద అయ్యాడు! ఆ తర్వాత ప్రధాని అయిన వెకెర్లే ప్రభుత్వంలో ఓటు సంస్కరణ బాధ్యతే అతనికి అప్పగించారు. 1918లో బయటికొచ్చిన చట్టం మాత్రం అతను కోరినదానికన్నా బాగా కుదించుకుపోయింది.

ఇక నువ్వు దాచినది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎదిరించిన వామపక్షీయుల పట్ల ఈ మంత్రి కఠినంగానే ఉన్నాడు. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలాక కూడా దాన్ని ఏలిన హబ్స్‌బుర్గ్ వంశపు రాజరికం వైపే నిలబడ్డాడు. ఓటు కోసం పోరాడినవాడు రాజు కోసం ఎందుకు నిలబడ్డాడో నువ్వు తేల్చలేకపోయినా పరవాలేదు, రాయి. నా మొదటి జీవితచరిత్రలో ఒక పెద్దాయన తప్పు తెలిసీ వదిలేశాను. పుస్తకం చదివిన ఆయన మనవరాలు "ఈయన మా తాతయ్య కాదండీ" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

హంగరీలో ఫ్రెంచి ఫ్రాంకుల దొంగనోట్లు అచ్చేసిన కేసును ఇంకా విడమరిచి చెప్పు. దేశ పోలీసు అధిపతి నాదోషి, ప్రిన్స్ బిరుదున్న కులీనుడు విండిష్‌గ్రెట్స్ శిక్షపడ్డ కేసది. నిజం తవ్వాలని పట్టుబట్టినవాళ్లలో వాజోన్యి ఒకడు. 1926లో వీధిలో అతని మీద దాడి చేశారు. అదే ఏడాది మే 29న వియన్నా దగ్గరి బాదెన్‌లో చనిపోయాడు.

ఈసారి పుట్టుకతో కాకుండా తెరేజ్‌వారోష్ ఎన్నికతో మొదలుపెట్టి చూడు. ఆ వీధుల్లో ఎవరికి ఓటుందో, ఎవరికి లేదో ముందు వెతుకు. దసరా లోపు పంపితే తీరిగ్గా చదువుతాను.