విక్టోరియా సరస్సు మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

విక్టోరియా సరస్సు పరీవాహక ప్రాంతపు వానలు, ఎండల మీద నువ్వు రాసింది చదివాను. బాగానే కష్టపడ్డావు. కానీ మొదటి పేజీలోనే ‘సగటు వర్షపాతం’ మూడుసార్లు వచ్చింది. సగటు వానలో ఎవరూ తడవరు కదా!

అక్కడ మార్చి–మే మధ్య ఒక వానకాలం, అక్టోబర్–డిసెంబర్ మధ్య ఇంకోటి. మొదటిది కాస్త నమ్మదగ్గది. ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పొంతన లేనిది రెండోదే. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీళ్లు మామూలుకన్నా వేడెక్కితే ఆ మూడు నెలలూ కుండపోత. ఇండోనేషియా వైపు వేడెక్కితే మబ్బు మొహం చాటేస్తుంది. 2019 చివర్లో ఆఫ్రికా వైపే వేడెక్కింది. ఆపైన మార్చి వానలూ తోడై, 2020 మేలో, ఉగాండాలో నైలు నది సరస్సు నుంచి బయటపడే జింజా దగ్గర నీటిమట్టం 13.42 మీటర్లకి చేరింది. 1964 నాటి రికార్డుకి ఒక్క సెంటీమీటరు పైన. ఆ సెంటీమీటరు నీ వ్యాసంలో లేదు. రెండు పేరాల నిట్టూర్పులు మాత్రం ఉన్నాయి.

ఇంకో సంగతి. నదులన్నిటినీ వరసగా వర్ణించావు. కగేరా పెద్దదే, కాదనను. కానీ సరస్సుకి వచ్చే నీళ్లలో దాదాపు 80 శాతం నేరుగా దాని మీద పడే వానే. పోయేదాంట్లోనూ ఇంచుమించు అంతే ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత గురించి నువ్వు విడిగా పెట్టిన అధ్యాయం రావాల్సింది ఇక్కడే. 68,800 చదరపు కిలోమీటర్ల నీళ్ల మీద ఎండ కాస్త ముదిరితే ఆ లెక్క ఎటు ఒరుగుతుందో చూపించు.

ఆ వాన పడే తీరు కూడా రాయి. పగలు గాలి సరస్సు మీంచి ఒడ్డుకి వీస్తుంది, మధ్యాహ్నం దాటాక నేల మీద ఉరుములు. రాత్రి గాలి తిరగబడుతుంది. అన్ని ఒడ్డుల నుంచీ వచ్చిన చల్లగాలి నీళ్ల మధ్య కలుసుకుని, వెచ్చటి తేమను పైకి నెడుతుంది. తెల్లవారే లోపు సరస్సు మీదే ఉరుముల గాలివాన. అదే వేళకి, వెన్నెల లేని రాత్రుల్లో, లాంతర్లు వెలిగించుకుని చిన్నచిన్న ఒమెనా చేపల కోసం పడవలు లోపలికి వెళ్లి ఉంటాయి. వర్షపాతం పట్టికలో ఆ పడవలు కనపడవు. నీ వ్యాసంలో కనపడాలి.

ప్రతి హెచ్చుతగ్గునీ వాన ఖాతాలో వేయకు. 2005–06లో నీళ్లు పడిపోవడానికి కరువు ఎంత కారణమో, జింజా ఆనకట్టల నుంచి ఒప్పుకున్నదానికి మించి వదలడమూ అంతే కారణమని వాదించినవాళ్లున్నారు. ఆ గొడవ దాటేస్తే వ్యాసం సాఫీగా సాగుతుంది, నిజమే. దాటేయకు.

మళ్లీ పంపేటప్పుడు జింజా మట్టాల పట్టిక కూడా జతచెయ్యి. ముందు దాన్ని చూసి, తర్వాతే నీ వాక్యాలు చదువుతాను.