చలి పొద్దున మొండికేస్తున్న డీజిల్ జీపు

ప్రశ్న: అన్నా, మాది పాతపట్నం దగ్గర పల్లెటూరు. నాన్న కొన్న 1998 మోడల్ డీజిల్ జీపులో తెల్లవారుజామున 4 గంటలకి కూరగాయలు వేసుకుని టెక్కలి వెళ్తుంటాను. నెలగంట పెట్టినప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ అవడం లేదు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తోంది, అంతే. ముగ్గురు తోస్తే గానీ అందుకోదు. మధ్యాహ్నం మాత్రం ఒక్క సెల్ఫ్‌కే లేస్తోంది. బ్యాటరీ మార్చమని ఒకరు, ఎయిర్ ఫిల్టర్‌లో పెట్రోలు పొయ్యమని ఒకరు, ఇంజిన్ కింద గడ్డి మంట పెట్టమని ఇంకొకరు. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పెట్రోలు, ఆ మంట రెండూ వదిలెయ్. చలిలో ఇంజిన్ లోపలి గాలిని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాలి ఉన్నప్పుడు పెట్రోలు ఆవిరి లోపలికి వెళ్తే వేళ కాని వేళ అంటుకుంటుంది, పిస్టన్ పగిలినా పగులుతుంది. ఇక పాత ఇంజిన్ కింద ఎక్కడో ఓ చోట డీజిల్ చెమ్మ ఉండనే ఉంటుంది, అక్కడ మంట పెడితే నాన్న కొన్న బండి మిగలదు.

బ్యాటరీ కూడా ఇప్పుడే కొనకు. సెల్ఫ్ ఈడుస్తూ తిరిగితే బ్యాటరీనో, తుప్పు పట్టిన ఎర్త్ వైరునో అనుమానించాలి. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదని, లైన్‌లో ఎక్కడో గాలి పట్టిందని అర్థం. నీ బండికి తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ కాలకుండానే బయటికి వచ్చేస్తోంది. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు కదా, గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. రాత్రంతా మంచులో నానిన ఇనుము ఆ వేడిని పీల్చేస్తుంది, అందుకే హీటర్ ప్లగ్గులు పెట్టారు. మధ్యాహ్నం ఇంజిన్ వెచ్చగా ఉంటుంది కాబట్టి అవి లేకపోయినా నడిచిపోతుంది.

అందుకే ముందు ప్లగ్గులు చూడు. ఇంజిన్ హెడ్ పక్కన వరుసగా నాలుగు ఉంటాయి, వాటి తలల్ని కలుపుతూ ఒక రేకుపట్టీ గానీ వైరు గానీ వెళ్తుంది. (డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే ఇంజిన్లలో చాలావాటికి ఇవి ఉండవు, నీదాంట్లో ఉన్నాయో లేదో ముందు చూసుకో.) తాళం తీసేసి, కింద గుడ్డ పరిచి ఆ పట్టీ ఊడదియ్యి, ఎందుకంటే ఆ నట్లు చిన్నవి, చీకట్లో జారితే మళ్లీ దొరకవు. తర్వాత 12 వోల్టుల టెస్ట్ బల్బు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, రెండో కొసని ఒక్కో ప్లగ్గు తలకి ఆనించు. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు, వెలగకపోతే కాలిపోయినట్టు. ఒకటి పోయినా మిగతా మూడు సిలిండర్లు ఎలాగో లాక్కొస్తాయి గానీ, రెండు మూడు పోతే సరిగ్గా నువ్వు చెప్పిన కష్టమే వస్తుంది. మార్చేటప్పుడు నాలుగూ కలిపి మార్చు, మిగిలినవి కూడా అదే వయసువి కదా. నాలుగూ వెలిగాయా? పట్టీ బిగించి, తాళం తిప్పినప్పుడు దానికి కరెంటు వస్తోందో లేదో చూడు. రాకపోతే ప్లగ్గులకి కరెంటు వదిలే స్విచ్చు లాంటి రిలే గానీ, ఫ్యూజు గానీ పోయింది.

ఇంకో మాట, తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టకు. హీటర్ లైటు ఆరేదాకా ఆగి, క్లచ్ పూర్తిగా తొక్కి అప్పుడు కొట్టు, గేర్‌బాక్సులో చిక్కబడిన ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడకుండా ఉంటుంది. ఒక్కసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగు.

చలికి డీజిల్ గడ్డకట్టిందని ఎవరైనా చెప్పి కిరోసిన్ కలపమంటే వినకు. డీజిల్ గడ్డకట్టే బాధ లదాఖ్‌ లాంటి చోట్లది, అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్ తెచ్చింది. మన పుష్యమాసం చలికి డీజిల్‌కేమీ కాదు. కిరోసిన్ కలిపితే మాత్రం జిడ్డు తగ్గి పంపు అరిగిపోతుంది, దాని రిపేరు ఖర్చు ముందు నాలుగు ప్లగ్గుల ఖరీదు ఎంత!

ప్లగ్గులు, కరెంటు అన్నీ బాగుండి కూడా తెల్లపొగే వస్తే, మంచి మెకానిక్ దగ్గర కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిపించు. అప్పుడు వచ్చిన లెక్కలు నాకు రాసి పంపు, గాలి కారేది పిస్టన్ రింగుల దగ్గరా, వాల్వుల దగ్గరా అన్నది చూసి చెప్తాను.